నీళ్ల ఎలుకలకు వార్తలు

డైరెక్టరు మేడమ్ గారికి నమస్కరించి వ్రాయునది. ముందుగా జరిగినది:

1. ముసలి ఎలుకలు ఇరవై నాలుగింటిలో పన్నెండింటికి మెదడుకు ముసలితనం రాకుండా చూసే మందు కలిపిన నీళ్లు, మిగతా పన్నెండింటికి ఉత్త నీళ్లు ఇమ్మన్నారు. అలాగే ఇచ్చాను.

2. మందు దక్కని వాటిపై జాలి కలిగి, ఏడు నెలలుగా రోజూ ఉదయం వాటికి దినపత్రిక చదివి వినిపించాను, సంపాదకీయంతో సహా.

3. "ఎలుకలకు పేపరెందుకండీ, ఉద్యోగాలేమన్నా వెతుక్కుంటాయా?" అని నా భార్య ముందే అన్నది. వినలేదు.

నిన్న మెదడు స్కానింగులు చూసి మీరు, "తాగినవీ తాగనివీ ఒక్కలాగే కుర్రగా ఉన్నాయి. ఈ మందు దండగ, రేపే రిపోర్టు పంపేస్తా" అన్నారు. తప్పు మందుది కాకపోవచ్చు మేడమ్, నాది కావచ్చు. మీ ఆరేళ్ల శ్రమ నా నోటి దురద వల్ల బూడిదలో పోసిన పన్నీరు కాకూడదు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా సరే, దయచేసి ఆ రిపోర్టు ఆపండి.

ఈ ఉదయం పేపరు చదవకుండానే మడిచి సంచిలో పెట్టేశాను. అప్పటి నుంచి ఉత్త నీళ్ల ఎలుకలు పన్నెండూ పంజరాల ముందుకు వచ్చి, నావైపే తిరిగి కూర్చున్నాయి. వాటికేమని చెప్పమంటారో కూడా మీ ఉత్తర్వులో తెలియజేయ ప్రార్థన.

ఉదయం 9 గంటల 40 నిమిషాలు.

విధేయుడు,
ఎలుకల గది సంరక్షకుడు