కాలు పలక మీదే ఉందమ్మా

అమ్మకు,

నీ కూతురు సువార్త నిండు మనసుతో వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుని దయవల్ల నేనిక్కడ బాగున్నాను. నువ్వూ, నాన్నా, నాయనమ్మా ఎలా ఉన్నారు? నాయనమ్మ మోకాళ్ళకు నూనె రాస్తున్నావా? మిరప కోతలు మొదలయ్యాయని నాన్న చెప్పాడు. ఎండలో తలగుడ్డ లేకుండా చేలోకి వెళ్ళకు. సాయంత్రం చేతులు మండుతుంటే ఊరికే ఓర్చుకోకుండా మజ్జిగలో పెట్టుకో.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటనుకుంటావు. ఫోన్లో నువ్వు తిన్నావా, పడుకున్నావా అని అడిగేలోపే నాన్న లాక్కుంటాడు. ఇది కాస్త పెద్ద సంగతి. నువ్వు బైబిలు చదువుకున్నట్టు కూడబలుక్కుంటూ చదువుకోవాలని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. మంచి వార్తే, కంగారు పడకు.

ఇక్కడ పంజాబ్‌లో చలి ఎలా ఉందంటే, పొద్దున తొమ్మిదింటిదాకా మంచులో ఎదుటి మనిషి కనపడదు. నువ్విచ్చిన స్వెట్టర్ మీద ఇంకో స్వెట్టర్ వేసుకుంటున్నాను. హాస్టల్లో రోజూ రొట్టెలే, అన్నం వారానికి రెండుసార్లు. మొదట్లో కడుపు నిండినా తిన్నట్టుండేది కాదు, ఇప్పుడు అలవాటైంది. బాగానే తింటున్నానమ్మా, నిజంగా. గోంగూర పచ్చడి మాత్రం అయిపోయింది. నా గదిలో ఉండే సిమ్రన్ కళ్ళనీళ్ళు కారుతున్నా వదలకుండా తినేసింది. ఇంకో డబ్బా పంపు. కందిపొడి కూడా.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చిన మొదటి నాలుగు నెలలూ నేను నీతో ఫోన్లో చెప్పింది అబద్ధం. జట్టులో ఆడుతున్నానన్నాను కదా. ఆడలేదు. బయట బల్ల మీద కూర్చున్నాను.

నేను దర్శి హైస్కూల్లో ఉన్నప్పుడు మా పి.ఇ.టి. సారు చేతులు పొడుగ్గా ఉన్నాయని నన్ను పిలిచి సాఫ్ట్‌బాల్ చేతికిచ్చాడు. అప్పటినుంచీ బంతి వేసే పిల్లను నేనే. గుంటూరులో డిగ్రీ చదివిన మూడేళ్ళూ నా బంతి ఎవరికీ అందలేదు. చెయ్యి చక్రంలా తిప్పి నడుం పక్కనుంచి వదిలితే, అవతలి వాళ్ళు బ్యాటు ఊపేలోపే బంతి వెనకాల అమ్మాయి చేతిలో ఉండేది. పేపర్లో ఫోటో పడితే నువ్వు పొలంలో అందరికీ చూపించావు. పాస్టరు గారు గుడిలో నన్ను ముందు నిలబెట్టి ప్రార్థన చేశారు. ఆ పేరు వల్లే ఇక్కడ వ్యాయామ విద్యలో సీటు వచ్చింది.

వచ్చిన మొదటిరోజు మా కోచ్ మేడమ్ నా చేత పది బంతులు వేయించింది. పదకొండోది వెయ్యబోతుంటే ఆపమని చెయ్యెత్తింది. దగ్గరికొచ్చి నేల చూపించింది. బంతి వేసే పిల్ల మైదానంలో పాతిన తెల్లటి రబ్బరు పలక మీద కాలు ఆనించి, ఆ పలకను తన్నుకునే ఒక్క ఊపులో విసరాలి. నేను పలక వదిలి ముందుకు గెంతి, అక్కడ మళ్ళీ కాలు తొక్కి విసురుతున్నాను. నా బూటు గుర్తు పలకకు అడుగు ముందు లోతుగా దిగి ఉంది. అంటే కొట్టే పిల్లకు ఒక అడుగు దగ్గరికి పోయి విసురుతున్నట్టు. అది చెల్లని బంతి. మేడమ్ కోప్పడలేదు. ఇది మానితేనే నీకు బంతి ఇస్తానని మాత్రం చెప్పింది.

బల్ల మీద కూర్చోబెట్టినందుకు నేను అంత బాధపడలేదమ్మా. గుంటూరులో గెలిచినవన్నీ ఈ గెంతుతో గెలిచినవేనా అని బాధ. నాకెవరూ చెప్పలేదు, నేను కావాలని చెయ్యలేదు. అయినా గుడిలో అందరి ముందూ నిలబడింది గుర్తొస్తే ముఖం మండేది. సరిగ్గా వేద్దామని చూస్తే నా బంతి చచ్చిపోయేది. నిన్నగాక మొన్న బ్యాటు పట్టుకున్న పిల్లలు కూడా దాన్ని గోడ అవతలికి కొట్టారు.

ఒకరోజు బట్టలు సర్దుకున్నాను. నీ దగ్గరికి వచ్చేద్దామనే. సిమ్రన్ చూసింది. అది మా జట్టులో బంతులు పట్టే పిల్ల. నేను ఎందుకు వెళ్తున్నానో నాకొచ్చిన హిందీలో చెప్పాను. గ్లవ్ తీసుకుని నా చెయ్యి పట్టి మైదానానికి లాక్కుపోయి, ఆ చలిలో గొంతుక్కూర్చుని వెయ్యమంది. ఆ రోజు వేస్తూనే ఉన్నాను. తర్వాత రోజూ అంతే.

మేడమ్ ఒక పద్ధతి నేర్పింది. వెనక కాలు గాల్లోకి లేవకూడదు, దాని బొటనవేలు నేలను గీసుకుంటూ రావాలి. బంతి వేశాక పలక నుంచి నేల మీద గీత కనిపించాలి. గీత ఉంటే మంచి బంతి, తెగితే దొంగ బంతి. గీసీ గీసీ కుడి బూటు ముందుభాగం అరిగి వేలు బయటికొచ్చింది. ఇక్కడి చెప్పులు కుట్టే తాత దానికి తోలు ముక్క వేశాడు, అదీ అరిగితే ఇంకోటి వేశాడు. రెండో ముక్క అరిగేసరికి గీత తెగడం మానేసింది, బంతికి మళ్ళీ ఊపిరొచ్చింది. దానికి తోడు నిదానంగా వెళ్ళే బంతి ఒకటి నేర్చుకున్నాను. అదే చేతి ఊపు, బంతి మాత్రం సగం దారిలో నిద్రపోయినట్టు వస్తుంది.

పోయిన వారం అన్ని రాష్ట్రాల యూనివర్సిటీలూ పోటీలకు ఇక్కడికే వచ్చాయి. కర్ణాటక నుంచి వచ్చిన జట్టుతో మా ఆట. ఆరో ఇన్నింగ్స్‌లో మా పెద్ద బౌలర్ వేలికి దెబ్బ తగిలింది. మేడమ్ బల్ల వైపు చూసి నా పేరు పిలిచింది. అమ్మా, లేచి బూటు తాళ్ళు బిగించుకుని పలక దగ్గరికి నడిచాను.

ఆ ఇన్నింగ్స్ ఎలాగో గడిచింది. చివరిది ఏడో ఇన్నింగ్స్. మేము ఒక్క పరుగు ముందున్నాం. ఇద్దరిని అవుట్ చేశాను, కానీ వాళ్ళ పిల్లలు ఇద్దరు రెండో బేస్ మీదా మూడో బేస్ మీదా ఉన్నారు. బేస్ అంటే పరుగు తీసేవాళ్ళు మధ్యలో ఆగే చోటు. రెండో బేస్ నా వెనకే, అక్కడ నిలబడిన వాళ్ళకు ఏ బంతి వెయ్యాలో సిమ్రన్ వేళ్ళతో చేసే సైగలు కనపడిపోతాయి. అందుకని మేమిద్దరం తెలుగు మాటలు పెట్టుకున్నాం. సిమ్రన్ ‘గట్టిగా’ అని అరిస్తే వేగం బంతి, ‘నిదానంగా’ అంటే నిద్ర బంతి. ఇక్కడ ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాం.

కొట్టడానికి వచ్చిన పిల్ల సన్నగా, పొడుగ్గా ఉంది. రెండు బంతులు తప్పిపోయాయి, ఇంకొక్కటి పోతే అవుట్. సిమ్రన్ “నిదానంగా” అని అరిచింది. ఆ పిల్ల బ్యాటు దించి నా వంక చూసింది.

“ఏ ఊరు మీది?”

“దర్శి దగ్గర” అన్నాను.

“మాది వినుకొండ. నాకు తెలుగొచ్చని మీ పిల్లకు చెప్పు.”

చెప్పకుండా కొట్టేయొచ్చు కదమ్మా. చెప్పింది. అంపైర్ మాటలు ఆపమన్నాడు. ఆ పిల్ల మళ్ళీ బ్యాటు ఎత్తింది, ఇక నేను ఏం వేస్తానో ఆమెకూ తెలియదు, సిమ్రన్‌కూ తెలియదు. నా ప్రాణమంతా కుడికాలి వేలిలోకి వచ్చింది. గీసుకుంటూ వచ్చి గట్టిగా వదిలాను. ఆమె బ్యాటు ఊపింది. బంతి సిమ్రన్ గ్లవ్‌లో దబ్బుమంది. అంపైర్ చెయ్యి లేస్తుంటే అది అవుట్ అనా, నా బంతి చెల్లదనా అని ఒక్క క్షణం చచ్చి బతికాను. అవుట్. అందరూ వచ్చి మీద పడుతుంటే నేను వంగి నేల చూసుకున్నాను. పలక నుంచి గీత ఎక్కడా తెగలేదు.

మర్నాడు సెమీఫైనల్లో ఒక్క పరుగుతో ఓడిపోయాం. ఏడు ఇన్నింగ్స్‌లూ నేనే వేశాను, అంపైర్ ఒక్కదాన్ని కూడా చెల్లని బంతి అనలేదు. వచ్చే ఏడాది మొదటి బౌలర్‌వి నువ్వే అని మేడమ్ అందరి ముందూ చెప్పింది. సిమ్రన్ నాకంటే ఎక్కువ గంతులేసింది.

ఆ వినుకొండ అమ్మాయి పేరు నాగలక్ష్మి, ఇప్పుడు కర్ణాటకలో చదువుకుంటోందట. వాళ్ళు వెళ్ళేముందు మెస్సులో నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నెలల తర్వాత తెలుగులో కడుపారా మాట్లాడాను. మాటల్లో చెప్పింది, మూడేళ్ళ కిందట గుంటూరులో తను ఇంకో కాలేజీకి ఆడుతూ నా బంతులకు మూడుసార్లు అవుటయిందట. నాకు గుర్తే లేదు. నా చేతిలో రొట్టె ఆగిపోయింది. దాచుకోలేక చెప్పేశాను.

“అప్పుడు నేను వేసినవి దొంగ బంతులు. నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.”

“మాకు అప్పుడే తెలుసు” అంది నాగలక్ష్మి. “మా సారు గొడవ చేస్తే ఎవరూ వినలేదు. నిన్ను చాలాకాలం తిట్టుకున్నాను. నిన్న బ్యాటు పట్టుకుని నీ కాలే చూస్తూ నిలబడ్డాను, గెంతితే అరుద్దామని. చివరి బంతికి కూడా కాలే చూశాను. అందుకే బంతి తప్పింది.”

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే నేను ఏడ్చాను. ఆమె నా పళ్ళెంలోంచి రొట్టె తుంచుకుని తింటూ, మళ్ళీ ఏడాది వచ్చి ఈ చేత్తోనే కొడతా చూడు అంది.

ఈ ఉత్తరం నాన్నకూ చదివి వినిపించు. పాస్టరు గారికి కూడా దాచకుండా అన్నీ చెప్పు, నా వందనాలు చెప్పు. నాయనమ్మ పాదాలకు నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. మీ ముగ్గురూ రోజూ ప్రార్థనలో నన్ను తలుచుకోండి, నా భుజం గట్టిగా ఉండాలని దీవించండి.

మీ దీవెన కోరే నీ బిడ్డ,
సువార్త