స్వీడన్ అవ్వతో ఆట

రియాద్,
ఆదివారం

జయా,

నువ్వూ పాపా బాగున్నారనుకుంటున్నాను. మొన్నా నిన్నా నేను పనిచేసే విదేశీయుల కాంపౌండ్‌లో స్వీడన్ వాళ్ళు కూడి తమ పల్లెపాటలు వాయించుకుంటూ ఆడారు. లైట్లు చూసుకునే పని నాదీ, నా తోటి పనివాడు లక్ష్మణ్‌దీ. ఫిడేళ్ళు మొదలవగానే అందరూ జంటలుగా గిరగిరా తిరిగారు. ఒక ముసలావిడ మాత్రం జత లేక నిలబడిపోయి, నా వైపు చెయ్యి చాచింది. నేను వెనక్కి తగ్గితే లక్ష్మణ్, "పో అన్నా, మన అవ్వ అసొంటిదే గదా" అన్నాడు.

కోపగించుకోకు, వెళ్ళాను. ఆవిడ కాలు ఎన్నిసార్లు తొక్కానో. "మీ ఆవిడతో ఎప్పుడైనా ఆడావా?" అని అడిగింది. మన పెళ్ళి బరాత్‌లో రెండడుగులు వేసి నువ్వు సిగ్గుతో ఆగిపోయావని నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఇక్కడి సర్కారు కుటుంబాల మీద ఏటేటా ఫీజు పెంచుతుంటే కట్టలేక మిమ్మల్ని ఇంటికి పంపానని కూడా చెప్పాను.

"నా భర్త పోయాడు. అందుకే ఎవరి చెయ్యి దొరికితే వాళ్ళతో ఆడుతున్నాను. నీకా అవసరం లేదు కదా" అంది.

ఇవాళ ఆఫీసుకు వెళ్ళి ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా రెన్యువల్ వద్దని, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టించమని చెప్పాను. ఊళ్ళో ఏం పని చేస్తానో ఇంకా తెలీదు. టికెట్ రాగానే ఫోన్ చేస్తాను. పాపను మీ అమ్మ దగ్గర ఉంచి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు నువ్వొక్కదానివే రా. బరాత్‌లో ఆగిపోయిన ఆట మనకింకా మిగిలే ఉంది.

ఇట్లు,
మీ ఆయన