ఉక్కిన దిబ్బ

కల్మల,
శుక్రవారం

ప్రతాపన్నకు హిమబిందు నమస్కారాలు. ఇక్కడ అమ్మ, వదిన, పిల్లలు బాగున్నారు. నేనూ బాగున్నానని రాస్తే అబద్ధమవుతుంది. ఫోన్‌లో అయితే నీ గొంతు ముందు నా మాట సాగదు. మన దుకాణం వాసుదేవ్ నీ దగ్గరికి గుంటూరు బయలుదేరుతున్నాడు, అందుకే ఈ కాగితం అతని చేతికిస్తున్నాను. పూర్తిగా చదివాకే నన్ను తిట్టు.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. కాస్త తగ్గింది, మెట్లెక్కొద్దంటే మాత్రం వినదు. నీ గోడౌన్ కోసం మన చేలో దిబ్బ చదును చేయడానికి సోమవారం పొద్దున్నే జేసీబీ తెస్తానని దాన్ని నడిపే మహాంతేశ్ చెప్పి వెళ్లాడు.

పురావస్తు శాఖవాళ్ల కాగితంలో వూట్జ్ అన్న మాట చూసి, “ఇంగ్లీషు పేరున్న ఇనుముకూ మన దిబ్బకూ ఏం సంబంధమే?” అని కూడా రాశావు. వూట్జ్ అనేది ఇంగ్లీషు మాటే కాదన్నా. మన ఉక్కే. కన్నడంలోనూ ఉక్కే. తెల్లవాళ్లు దాన్ని వూక్ అని రాసుకుంటే అచ్చులో తప్పుపడి వూట్జ్ అయిందని చాలామంది అంటారు. ఒకప్పుడు దేశదేశాలవాళ్లు కత్తుల కోసం వెతుక్కుంటూ వచ్చిన ఉక్కు అది. చేసే పద్ధతి ఎప్పుడో పోయింది.

వాళ్ల తప్పుకు నవ్వకు, మనమూ తక్కువ తినలేదు. ఊరివాళ్లు కన్నడంలో ‘ఉక్కిన దిబ్బ’ అంటే, మనం తెలుగు చెవులతో విని పొంగిన దిబ్బ అనుకున్నాం. కన్నడంలో ఉక్కడమంటే పొంగడం కదా, దానికి మన ‘పొంగిన’లోని ‘ఇన’ తగిలించేశాం. ఏటా విత్తనం వేసే ముందు అమ్మ అక్కడ పాలు పొంగించేది అందుకే. పోయిన నెల బడిలో కన్నడ షష్ఠీ విభక్తి చెబుతూ బోర్డు మీద ‘ఉక్కిన’ అని రాశాను. అంటే ఉక్కు యొక్క. చేతిలో సుద్దముక్క అలాగే ఆగిపోయింది. సాయంత్రం దిబ్బ దగ్గరికెళ్లి వాన కోసిన చోట చూస్తే, ఉక్కు కరిగించిన మట్టి మూసల పెంకులు, ఇనుప చిట్టెం. ఆ ఉక్కు చేసింది ఇక్కడేనన్నమాట. అమ్మకు చెప్పాను. “ఏందే, ఇన్నేండ్లు పాలు ఉత్తగనే పొంగిచ్చిన్నా?” అని కూలబడింది.

ఇప్పుడు అసలు సంగతి. పురావస్తు శాఖకు అర్జీ పెట్టి నీ పనికి అడ్డుపడింది గట్టు పక్క బసవలింగప్పే అనుకుంటున్నావు. ఆయన మీద కేసు పెడతానని కబురు కూడా పంపావట. నిన్న ఆయన బడికొచ్చి, “నేనేం జేసిననమ్మా, మీ అన్న నన్ను ఠాణాకు ఈడుస్తనంటుండు” అంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. అన్నా, ఆ అర్జీ ఇచ్చింది నేనే. చెబితే ఇవ్వనివ్వవని చెప్పకుండా ఇచ్చాను. నువ్వెంత తిట్టినా వెనక్కి తీసుకోను.

పత్తి గోడౌన్ మీద నీకెంత ఆశో నాకు తెలుసు. రోడ్డు వైపు చేను ఖాళీగానే ఉంది, అక్కడ కట్టు. అధికారులు మంగళవారం గానీ రామన్నారు. మధ్యలో సోమవారం ఉంది. ఆ రోజుకు నేను బడికి సెలవు పెట్టాను. మహాంతేశ్‌కు నువ్వే ఫోన్ చేసి చెప్పు, దిబ్బ మీద నిలబడేది బసవలింగప్ప కాదు, మా చెల్లెలని.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న చెల్లెలు
హిమబిందు