‘ఐస్’ అని దాచిన నెంబరు

2008 నవంబరు 14, శుక్రవారం

కోపం ఇంకా దిగలేదు.

ఫోను నా కూలితో కొన్నది. అయినా వేటకెళ్ళేటప్పుడు నాన్నే కవర్లో చుట్టి పట్టుకుపోతాడు, ఒడ్డు దగ్గరికి రాగానే చేపలు కొనేవాడికి ఫోన్ చేయాలని. ఈరోజు కాలికి మేకు గుచ్చుకుని నేను పడవెక్కలేదు. ఈరోజే పూండిలో జీడిపిక్కలు కొట్టే పార్వతి మెసేజ్ పెట్టింది. ఎవరికీ తెలియకూడదని ఆమె నెంబరుకి ‘ఐస్’ అని పేరు పెట్టింది నేనే. నాన్నకి చదువు రాదు. పడవలో ఉన్న సింహాచలం బావ పేరు చూసి ఐస్ అనగానే, చేపలకి ఐసు తెచ్చే బండి సంగతేమో అనుకుని మెసేజ్ అతని చేత గట్టిగా చదివించాడు. పడవలో అందరూ విన్నారు.

ఒడ్డున వలలు దించుతూ, కుంటుకుంటూ వెళ్ళిన నా ముందే బావ, “ఏటి మావా, నీ కొడుక్కి ఐసు పూండి నుంచొత్తంది! ‘నిన్న పూండిలో నన్ను సూసి పారిపోనావేటి’ అని అడుగుతంది,” అన్నాడు. అందరూ నవ్వారు.

నాన్న నవ్వలేదు. “రేపట్నించి దీన్లో ఏటొచ్చినా సింహాచలమే సదువుతాడు. నానింటాను,” అన్నాడు.

“అది నాకొచ్చింది. నీకెందుకు?” అన్నాను. నాన్నకి ఎప్పుడూ ఎదురు చెప్పినవాణ్ణి కాదు. చెంప మీద ఒక్కటిచ్చాడు.

కొడితే కొట్టాడు. ఆమె మాటలు వాళ్ళకెందుకు?

ఫోను నాన్న తలకింద ఉంది. రేపు కూడా ఆమె మెసేజ్ పెడుతుంది, బావ చదువుతాడు. వద్దని చెప్పాలంటే పూండి వెళ్ళి, జీడి షెడ్డు దగ్గర అందరి ముందూ నోటితో చెప్పాలి. మెసేజ్‌లే తప్ప ఇప్పటిదాకా ఆమెతో నోరు తెరిచి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మొదటి మాటే ‘ఇంక రాయకు’ అనాలా...