గీడ ఏం కట్టినవ్?

అమీర్‌పేట,
జులై 1942

కృపామణి అక్కయ్యకు,

నీ తమ్ముడు సత్యరాజు ప్రేమతో రాసేది. క్షేమంగా చేరాను. బావగారి స్నేహితుడు ఏసోబు గారి ఇంటి వెనక గదిలో ఉంటున్నాను. తల్లి లేని పిల్లను నీ మీద వదిలేసి వచ్చాను; మణి అన్నం తింటోందా? నిద్రలో లేచి కూర్చోవడం తగ్గిందా? అడగాలి కాబట్టి అడుగుతున్నాను. జవాబు కోసం నా లోపల ఏదీ ఎదురుచూడటం లేదక్కయ్యా. నీ దగ్గర దాచి ఏం లాభం?

తెలుగువాళ్ల ఊరే కదా అని వచ్చాను. ఈ నైజాం నాకు పరదేశమే. రూపాయి వేరు, కచేరీ భాష వేరు. సర్కారు కట్టడాల దఫ్తరులో గుమాస్తా నా గిండీ ఇంజినీరింగు కాలేజీ పట్టా చూశాడు, రంగూన్‌లో మురుగు కాలువలు కట్టించిన సంగతీ విన్నాడు.

"అదంత మంచిగనే ఉన్నది సాబ్. ముల్కీ కాగజ్ ఉన్నదా?"

ముల్కీ అంటే ఈ రాజ్యం మనిషినని చెప్పే కాగితం. లేదన్నాను.

"ఉర్దూల రాస్తరా? పోనీ, గీడ ఎక్కడన్న పనిచేసిండ్రా?"

అదీ లేదన్నాను. పని ఇస్తేనే కదా చేసేది అని కోపం రావాలి. రాలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను. ప్రైవేటు వాళ్ల దగ్గరా ఇదే మాట. మర్యాదగా కూర్చోబెడతారు, టీ ఇప్పిస్తారు, ఇక్కడి అనుభవం లేదంటారు.

చివరికి పంజగుట్టలో శివరాములు అనే కాంట్రాక్టరు దొరికాడు. బంజారా కొండల మీద ఒక నవాబుకు బంగళా కడుతున్నాడు.

"గీడ ఏం కట్టినవ్, చెప్పు" అన్నాడు.

"ఏమీ కట్టలేదండీ."

"మీ రంగూన్ల అంత బురద. గీడ అంత బండ. బండ సంగతి నీకేం ఎర్క? జర కూలోళ్ల మీద నిలబడి పని చూడు. బండ తెలిసినంక నిన్ను ఇంజినీరంట."

సరేనన్నాను. రేపటినుంచి పనిలోకి.

నీ తమ్ముడు,
సత్యరాజు

* * *

పంజగుట్ట,
సెప్టెంబరు 1942

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. మణి నిన్ను అమ్మా అంటోందని రాశావు. అది రాసేటప్పుడు నీ చెయ్యి భయపడిందేమో. భయం వద్దు. ఈ ఉత్తరం ఆ మాట కోసమే.

మొన్న పనిచోట కాంతవ్వ అనే కూలీ మనిషి బిడ్డకు పాలిస్తూ, "పిల్లలున్నరా సారూ?" అని అడిగింది. లేరన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట! "ఫికర్ చెయ్యకు, దేవుడిస్తడు" అందామె. తల ఊపి, రాయి పగలగొట్టేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాను.

సికింద్రాబాద్ సైనిక దండులో ఒక తెల్లదొర, జపాను వాళ్లు తరిమితే బర్మా నుంచి నడిచి వచ్చిన ఇంజినీర్ల కోసం వెతుకుతున్నాడని ఏసోబు గారు చెబితే వెళ్లాను. పటం పరిచి, "ఈ దారి తెలుసా?" అన్నాడు. టాము నుంచి ఇంఫాల్ వచ్చే కొండదారి. తెలుసన్నాను. లేచి నిలబడి నా చెయ్యి పట్టుకు ఊపాడు. ఇన్నాళ్లకు నా అనుభవం పనికొచ్చే చోటు ఒకటి దొరికింది. అక్కడ సైన్యానికి రోడ్డు వెయ్యాలి.

మణిని కన్న లీల ఇంఫాల్ ఆసుపత్రిలో పోయిందని నీకు చెప్పాను. అబద్ధం. ఆ దారిలోనే, కలరాతో పోయింది. గొయ్యి తవ్వడానికి పార లేదు. మణిని పక్కన కూర్చోబెట్టి, రాళ్లు పేర్చి, మళ్లీ నడిచాం. రోడ్డు ఆ రాళ్ల మీదుగానే పోతుందేమో. పటం చూస్తున్నప్పుడు ఆ ఆలోచనే వచ్చింది. దానికీ నాకు ఏడుపు రాలేదు.

వచ్చే నెల బయలుదేరతాను. మణిని నువ్వూ బావగారూ మీ బిడ్డగా ఉంచేసుకోండి. చర్చిలోనూ బళ్లోనూ మీ పేరే రాయించండి. నేను వస్తానని మాత్రం దానికి చెప్పవద్దు.

సత్యరాజు

* * *

పంజగుట్ట,
అక్టోబరు 1942

అక్కయ్యా,

బావగారు ఒక్కరే బండి దిగడం చూసి నీకెలా ఉండి ఉంటుందో. ఆయన నోటితో విన్నా, నేను రాయకుండా ఉండకూడదు.

ఒకసారి చూపించి తీసుకుపోతానని ఆయన మణిని తెచ్చారు. నా పెట్టె తాడుతో బిగించి గుమ్మం దగ్గరుంది. మణి దాన్ని చూసింది. నా దగ్గరికి రాలేదు. విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుని, తన గుడ్డల మూట ఒళ్లో పెట్టుకుని ఆ పెట్టె పక్కన కూర్చుంది.

"ఎక్కడికి తల్లీ?" అన్నారు బావగారు.

ఆయన వైపు చూడకుండా నన్నడిగింది: "ఈసారి ఎవరు ఆగిపోతారు నాన్నా?"

ఏడుస్తూ కాదక్కయ్యా. అన్నం ఎప్పుడు అన్నట్టు అడిగింది. మొద్దుబారింది నేనొక్కడినే అనుకున్నాను. ఇంత పిల్ల నాతో పాటే నడిచిందని, నేను చూసిందంతా చూసిందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"ఎవరూ ఆగిపోరు" అన్నాను. పెట్టె విప్పబోతే తాడు ముడి ఊడలేదు, కత్తితో కోశాను.

దండుకు వెళ్లి, రోడ్డు పనికి రాలేనని చెప్పాను. దొర మొహం ముడుచుకున్నాడు. శివరాములు మాత్రం, "పోలేదా? ఏమాయె?" అన్నాడు. బిడ్డ ఉందన్నాను. "ఉంటే తోల్కరా. ఆడోళ్లున్నరు, చూస్తరు" అన్నాడు. నన్నింకా ఇంజినీరనలేదు. ఎప్పుడంటాడో తెలియదు.

నీ ఒడిలో పెట్టి మళ్లీ లాక్కున్నాను. దీనికి ఏ మాట రాసినా చాలదు. కానీ ఒకటి నీకు తెలియాలి. ఈ ఉదయం మణి లేచి, ఇల్లంతా వెతికి, నువ్వు కావాలని ఏడ్చింది. రంగూన్ వదిలిన తరువాత అది ఏడవగా నేను చూడటం ఇదే మొదలు. నేల మీద పడి, గొంతు పోయేలా ఏడ్చింది. ఊరుకోమని అనలేదు నేను. ఎత్తుకుని కూర్చున్నాను. నా చొక్కా తడిసింది.

బావగారికి బడి సెలవులిచ్చాక ఆయనతో రా అక్కయ్యా. దానికి అమ్మ నువ్వే.

నీ సత్యం