రాక్షసి సొంత బరువు

అక్టోబరు 2, 1994, ఆదివారం

అమ్మ ఇవాళ ఆటలో కూర్చుంది. రేపటికి నేనే నమ్మను, అందుకే రాసిపెడుతున్నాను.

ఫిబ్రవరిలో నాన్న పోయాక అమ్మ మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. తిను. గొళ్ళెం పెట్టు. ఊఁ. క్రిస్మస్ లోపల వచ్చి బాపట్ల తీసుకెళ్ళిపోతానని ఆవిడ తమ్ముడు, మా సూరిబాబు మామయ్య ఉత్తరం రాస్తే, దానికీ మీ ఇష్టం అనే అంది. నాన్న పోయినందుకు ఆయన పనిచేసిన రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో టైపిస్టు ఉద్యోగం నాకిచ్చారు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో క్వార్టరూ మాకే ఉంది. ఇక్కడ నేనుండగా ఆవిడ ఎక్కడికో పోవడమేంటి? కానీ ఆవిడ నోటితో వద్దనకుండా నేనెలా వద్దంటాను?

ఆదివారాలు చర్చి అయ్యాక వెనక లైను నుంచి కమల, వాళ్ళన్న పాల్ వస్తారు. బొంబాయి ఫుట్‌పాత్ మీద పాల్ కొన్న ఇంగ్లీషు రూల్‌బుక్కుంది, నోటితోనే కథ చెప్పుకుంటూ ఆడే ఆటది. కథ నేను నడుపుతాను. అందులో వాళ్ళిద్దరూ చెరో మనిషిగా ఆడతారు. ఎవరు గెలిచారో తేల్చాలంటే ఇరవై ముఖాల పాచిక కావాలట. అది రాయపూర్ మొత్తం తిరిగినా దొరకలేదు. హార్లిక్స్ సీసాలో ఒకటి నుంచి ఇరవై దాకా తంబోలా బిళ్ళలు వేసి తీస్తాం, వచ్చిన అంకెకి ఎవరి బలం వాళ్ళు కలుపుకుంటారు.

ఇవాళ వంతెన దగ్గర రాక్షసి అడ్డమొచ్చింది. కమల, పాల్ దాన్ని ఎలా చంపాలా అని గుసగుసలు. గుమ్మంలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ, పాపం దాని తరఫున ఎవరూ లేరేందే అంది. ముగ్గురం నోళ్ళు తెరుచుకుని చూశాం. నేనుంటా దాని తరఫున, అని పీట లాక్కుంది.

ఎనిమిది నెలల్లో అంత పొడుగు మాట ఇదే.

అక్టోబరు 9

కొంప మునిగింది.

పుస్తకంలో రాక్షసుల పేజీలు ఉన్నది వాళ్ళని చంపడానికి, వాళ్ళలా ఆడటానికి కాదు. అందులో ఉన్న బలం ఉన్నట్టే అమ్మకిచ్చేశాను. పాల్ బలం పదకొండు, కమలది తొమ్మిది, అమ్మది ఇరవై మూడు. పదిమంది దొంగలొచ్చారు. అమ్మ రెండు బిళ్ళలు తీసింది, దొంగలు అయిపోయారు. చచ్చారా అందరూ, ఇంకెవురన్నా ఉన్నారా, అని కళ్ళింతలు చేసుకుని అడిగింది. పాల్ కత్తి ఒరలోంచి బయటికే రాలేదు.

గేటు దగ్గర కమల నా చెయ్యి పట్టుకుంది. ఆరు రోజులు ఆసుపత్రి వార్డులో నిలబడే ఉంటానే ఎస్తేరూ, ఏడో రోజు కూడా పక్కన నిలబడి చూడాలంటే ఇంట్లో పడుకుంటాను, అంది. క్యా ఫాయిదా, ఆడి ఏం లాభం, అన్నాడు పాల్.

వాళ్ళు చెప్పింది నిజం. అదే నా ఏడుపు.

అక్టోబరు 16

నా అంత బుద్ధిలేని మనిషి ఈ కాలనీలో ఉండదు. రాక్షసి బలం పన్నెండుకి తగ్గించేశాను. అందరికీ సమానం అనుకుని మురిసిపోయాను కూడా.

అమ్మ కాగితం చూసింది. ఇది రాక్షసి కాదుగా, నాబోటి ఆడమనిషేగా, దీనికి మళ్ళా ఆటెందుకే, అంది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కమల తల దించుకుంది. తనేం తప్పు చేసిందని?

అక్టోబరు 17

ఇవాళ అమ్మ మాటలు: మూడు.

అక్టోబరు 23, ఆదివారం

ఎవరూ రాలేదు. నేనూ పిలవలేదు.

అక్టోబరు 26, మధ్యాహ్నం, ఆఫీసులో

పున్నయ్య తాతకి మనసులోనే దండం పెట్టుకున్నాను. పైకి పెడితే పిచ్చిదంటాడు.

రిపేరైన వ్యాగన్ల మీద తెల్లరంగుతో అంకెలు వేసేది ఆయనే. టీ దగ్గర, ముఖం అట్టా ఉందేంటమ్మాయ్ అన్నాడు. నాకూ ఎవరో ఒకరు కావాలి, మొత్తం కక్కేశాను. ఆటంటే ఏంటో ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. రాక్షసి బరువెక్కువ, మిగతావాళ్ళు తేలిక, ఎలా సమానం చెయ్యాలో తెలీడం లేదు అన్నాను. అది మాత్రం అర్థమైంది.

బ్రష్షుతో ఎదురుగా ఉన్న వ్యాగన్ చూపించాడు. రైలు పట్టా బండికి మోసేది మొత్తం ఎనభై ఒక్క టన్నులేనమ్మా, అన్నాడు. బండి సొంత బరువు టేర్, పైనేసేది లోడు. ఏది ఎంతన్నది పట్టాకి అనవసరం, రెండూ కలిపి లెక్క దాటకూడదు, అంతే. సొంత బరువు ఎక్కువున్న బండికి లోడు తగ్గించి రాస్తాం గానీ బండిని చెక్కి సన్నగా చేస్తామా ఎక్కడన్నా, అని నవ్వాడు.

చెక్కాను తాతా. మా అమ్మనే చెక్కాను.

అక్టోబరు 30

ఇప్పుడు అందరికీ ఎనభై ఒకటి. మనిషికి ఒళ్ళు ఇరవై రెండు, మిగతా యాభై తొమ్మిదిలో ఎన్ని విద్యలైనా కొనుక్కోవచ్చు. రాక్షసికి ఒళ్ళే అరవై. బలం మళ్ళీ ఇరవై మూడు, పూచికపుల్లంత కూడా తగ్గించలేదు. కానీ విద్యలకి మిగిలేది ఇరవై ఒకటే.

కమలనీ పాల్‌నీ బతిమాలి తెచ్చాను. పాల్ తాళాలు తియ్యడం, ఎక్కడం, విలువిద్య కొన్నాడు. కమల వైద్యం, మూడు భాషలు, ఇంకా ఏవేవో. అమ్మని అడగడానికి భయమేసింది. కాగితం ఆవిడ ముందు పెట్టి వెనక్కి జరిగాను. ఇరవై మూడు అన్న అంకె మీద వేలు పెట్టి, ఇచ్చావా, అంది. ఇచ్చానన్నాను. అయితే మిగతా ఇరవయ్యొకటీ కేకకి రాసుకో అంది.

కేక ఏంటమ్మా? కేకంటే కేకే, మూడు మైళ్ళు ఇనపడాల, అంది.

పాల్ బిళ్ళ తియ్యమన్నాడు. ఇరవై వచ్చింది. అయితే వెయ్యండి పిన్నీ అని కమల ఎగదోసింది. వేసింది తల్లీ! పక్క క్వార్టర్ భ్రమరాంబగారు చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చి ఎవరికేమైందని అడిగారు. ఏం కాలేదు వదినా, అంది అమ్మ, గొంతు ఉందో లేదో చూసుకుంటన్నా.

ఆవిడెళ్ళాక ఎంత నవ్వామో. దేవా, నీకు స్తోత్రం. పున్నయ్య తాతకీ స్తోత్రం, నువ్వేమీ అనుకోకపోతే.

నవంబరు 13

రాక్షసి సొరంగంలో పట్టలేదు. పాల్ ఒక్కడే దూరి తాళం తీశాడు, వారం రోజులు చెప్పుకుంటాడు. ఊళ్ళోవాళ్ళు రాళ్ళు రువ్వితే అమ్మకి వాళ్ళ భాష రాదు, కమల మాట్లాడి ఆపింది. రాక్షసి చేసిందల్లా కూలబోతున్న కోటగోడని భుజంతో పట్టుకోవడం. అది ఇంకెవరి వల్లా కాదు. పట్టుకుని, ఒసే కమలా తొందరగా రండే భుజాలు పడిపోతన్నాయి, అని తిట్టింది. నిజంగానే చెమటలు పట్టాయి ఆవిడకి.

కమల వెళ్తూ అమ్మని వాటేసుకుంది. ఈ పిల్ల పెద్దమనసుకి ఏమిచ్చినా తక్కువే.

డిసెంబరు 5

మామయ్య ఉత్తరం. పదో తారీఖున వస్తున్నాడు, సామాను సర్ది ఉంచమన్నాడు. చదివి వినిపించాను. రానీ, అంది అమ్మ. అంతే. మళ్ళీ అదే గొంతు.

ఆటలో అంత అరిచే మనిషి ఇక్కడెందుకు అరవదు? ఒక్కసారి అమ్మా, ఒక్కసారి. బాత్రూంలో కొళాయి తిప్పి ఏడ్చాను.

డిసెంబరు 10

మామయ్య దిగాడు. నాకు గాజులు తెచ్చాడు. మంచివాడే, తిట్టుకోవడానికి కూడా లేదు. పెట్టె అటక మీద నుంచి ఇంకా దించలేదేంటక్కా అన్నాడు. అమ్మ టీ పెట్టింది.

డిసెంబరు 12, సోమవారం

మామయ్య ఒక్కడే రైలెక్కాడు.

ప్లాట్‌ఫారం మీద నన్ను పక్కకి పిలిచి, అక్కకి ఒంట్లో బాగానే ఉంటందా అని గుసగుసగా అడిగాడు. రానందట. ఎందుకక్కా అంటే, ఇక్కడ నేను రాక్షసిని రా, బాపట్లొస్తే ఒట్టి మీ అక్కనే, అందట.

బాగానే ఉంది మామయ్యా, అన్నాను.