కత్తెర పడని ఉత్తరం

లివోర్నో, 1879

మార్చి 24, సోమవారం

మంచం పట్టిన పెదనాన్నకు చావు మీదకన్నా ఉత్తరాల మీదే బెంగ ఎక్కువ. ఊళ్లో ఆసుపత్రి కట్టించాడు, బడి కట్టించాడు, ఏ దేశంలో యూదులకు కష్టమొచ్చినా ఓడెక్కాడు. వెళ్లిన ప్రతిచోటి నుంచీ పెద్దమ్మ గ్రాసియాకు ఉత్తరం రాశాడు. ఆవిడ పోయేదాకా అన్నీ దాచింది. వాటిని పుస్తకం వేస్తామని సంఘం పెద్దలు ఇప్పటినుంచే గుమ్మం దగ్గర కాచుక్కూర్చున్నారు. "నా పెళ్లాంతో నేను మాట్లాడుకున్న మాటలు ఊరికెందుకే పెర్లా? పస్కా పండుగ ముందురోజు ఎలాగూ పులిసిన రొట్టెలు కాలుస్తాం, ఆ మంటలో పడెయ్" అన్నాడు. సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మార్చి 25

ప్రతి ఉత్తరం నెత్తినా హీబ్రూలో ఒకటే వాక్యం. ప్రభువును ఎప్పుడూ నా కళ్లెదుట ఉంచుకున్నానని. అందులో దేవుడి పేరు. పూర్తి పేరు! అందరూ పొడి అక్షరాలతో సరిపెడతారు. ఈయన భక్తికి అది చాలదు. దేవుడి పేరున్న కాగితాన్ని కాల్చకూడదు, పాతిపెట్టాలి.

మా మతగురువు రబ్బీని అడిగితే పేరు వరకు కత్తిరించి దాచి, మిగతాది కాల్చమన్నాడు. "పుణ్యం వస్తుందమ్మా" అని నవ్వాడు కూడా. పుణ్యం పెదనాన్నకు, బొబ్బలు నాకు.

మార్చి 27

కత్తెర. కత్తెర. కత్తెర.

మార్చి 30, ఆదివారం

నిన్న సబ్బాతు, విశ్రాంతి దినం. కత్తెర, కలం రెండూ ముట్టకూడదు. పని గురించి మాట్లాడకూడదు కనుక పెదనాన్న "అయిందా?" అని కళ్లతో అడిగాడు.

కత్తిరించిన పేర్లు పెద్దమ్మ టోపీ పెట్టెలో వేస్తున్నాను. ఎగిరిపోతాయని కిటికీ తెరవకుండా ఉక్కలో చస్తున్నాను. ఉత్తరాలు చదవకూడదనే అనుకున్నాను. కళ్లు మూసుకుని కత్తిరించలేం కదా! తురుష్క పాలకులు పాషాలతో వాదించి వచ్చిన మనిషి, మేజోళ్లు ఏ పెట్టెలో సర్దావని ఇజ్మీర్ నుంచి పెళ్లాన్ని అడిగాడు.

ఏప్రిల్ 3

ఒక ఉత్తరానికి కత్తెర అక్కర్లేకపోయింది. నెత్తిన ఖాళీ.

డమాస్కస్ నుంచి. అక్కడ ఆయన అనాథ పిల్లలకు ఇల్లు కట్టిస్తుంటే ఇక్కడ తన ఏడేళ్ల కొడుకు రఫాయెల్ జ్వరంతో పోయాడు. కబురందిన రోజు రాసింది. "గ్రాసియా, పరాయి పిల్లలకు కప్పు వేస్తున్నాను. మనవాడి మీద గుప్పెడు మట్టి కూడా వెయ్యలేకపోయాను." అంతే.

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు.

ఏప్రిల్ 6

రేపే మంట. నోరూరుకోక పెదనాన్నతో చెప్పేశాను, ఒకదానికి పని తప్పింది, పైన పేరు లేదు అని. తెమ్మన్నాడు. అందుకుని చదువుకున్నాడు. "ఆ రోజు ఆయన పేరు రాయబుద్ధి కాలేదే" అన్నాడు. తర్వాత కలం అడిగాడు. సిరా దుప్పటి మీద ఒలికింది. అయినా ఆ ఖాళీలో వాక్యమంతా రాశాడు, పూర్తి పేరుతో.

"అయ్యో పెదనాన్నా, ఇప్పుడు దీన్నీ కత్తిరించాలా!" అని అరిచాను.

"దీన్ని కత్తిరించకు" అన్నాడు.

ఏప్రిల్ 7

రొట్టె ముక్కలు, ఆ ఒక్కటి తప్ప ఉత్తరాలు, అన్నీ కాలాయి. అయిందని చెబితే తల ఊపాడు.

ఏప్రిల్ 17

పండుగ వెళ్లిన మర్నాడు పోయాడు. టోపీ పెట్టెలోని పేర్లను ఆయన పక్కనే పాతిపెట్టాం. ఆ ఒక్క ఉత్తరాన్ని మడతపెట్టి ఆయన తల దగ్గర ఉంచాను.

అందులో ఏముందని సంఘం పెద్దలు అడిగారు.

దేవుడి పేరు అన్నాను.